పోర్ట్ బ్లెయిర్ టికెట్: హైదరాబాద్ నుంచా, చెన్నై నుంచా, కోల్‌కతా నుంచా, లేక ఓడ మీదా?

అండమాన్ ప్రయాణం మాట వచ్చిందంటే చాలు, ఇంట్లో మొదటి వాదన టికెట్ దగ్గరే మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా ఎగిరిపోదామని ఒకరు, రైల్లో చెన్నై చేరి అక్కడ విమానం ఎక్కితే మనిషికి కొన్ని వేలు మిగులుతాయని ఇంకొకరు, పెదనాన్న వాళ్లు వైజాగ్ నుంచి ఓడలో వెళ్లొచ్చారు కదా అని మరొకరు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరు ఏ కాలంలో వెళ్లారో, ఆ కాలపు లెక్క చెబుతున్నారు.

ఈ దీవికి విమాన చార్జీ పెరిగిందా తగ్గిందా అని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. ఒకప్పుడు ధర ఒకటే ఉండేది. అది భారీగానే ఉండేది కానీ ముందే తెలిసేది. ఇప్పుడు అడుగు ధర, అంటే అన్నిటికన్నా తక్కువకు దొరికే ధర, మధ్యతరగతికి అందుబాటులోకి దిగింది, పై ధర మాత్రం ఎక్కడిదాకా పోతుందో చెప్పలేని పరిస్థితి. అందుకే ఏ ఊరి నుంచి ఎక్కాలన్నది రెండో ప్రశ్న. మీ తేదీ ఎంత కదులుతుంది అన్నది మొదటిది.

(2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ వెతికేటప్పుడు పాత పేరుకు ఫలితం రాకపోతే కొత్త పేరు కొట్టండి. విమానాశ్రయం కోడ్ ఐఎక్స్‌జెడ్ మారలేదు. మన నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే నానుతోంది కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను.)

ముందు ఇవి తేల్చుకోండి

టికెట్ సైట్ తెరిచే ముందే కాగితం మీద రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు తేదీ: రెండు మూడు రోజులు అటూ ఇటూ జరపగలరా, లేక పెళ్లి ముహూర్తమో పిల్లల సెలవులో మెడ మీద కూర్చున్నాయా? తర్వాత ఇంటి గుమ్మం నుంచి లెక్క. రైలు, ఆటో, రాత్రి లాడ్జి, దారిలో తిండి, అన్నీ కలిపితేనే అసలు ధర. మూడోది ఎంతమంది అన్నది. ఇద్దరికి మిగిలే నాలుగు వేలు చిన్న మొత్తమే, ఐదుగురికి అదే లెక్కన పదివేలు అవుతుంది. సామాను సంగతి కూడా ఉంది. దేశీయ విమానాల్లో సాధారణ టికెట్ మీద కింద వేసే సామాను మామూలుగా 15 కిలోలే.

చివరిగా, చాలామంది లెక్కలోకి తీసుకోనిది: ఒక విమానం రద్దయితే, లేదా ఒక రైలు ఆలస్యమైతే మీ ప్రయాణం మొత్తం కూలిపోతుందా? మిగతా ఊళ్లకైతే ఇది పెద్ద విషయం కాదు, ఇంకో బండి పట్టుకోవచ్చు. ఇక్కడ ఇంకో బండి లేదు.

ధర ఇలా ఎందుకు ఊగుతోంది

1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయ్యేదాకా దేశంలో షెడ్యూలు ప్రకారం విమానాలు నడిపే హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలదే. మద్రాసు, కలకత్తాల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపేది. నెల ముందు కొన్నా, ముందురోజు కొన్నా చార్జీ ఒకటే. విమానం అధికారులకు, వ్యాపారులకు. మిగతా జనానికి ఓడే గతి. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి కూలికి, చేపల వేటకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఓడ ప్రయాణం బాగా అలవాటైన సంగతి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభా 3.8 లక్షలు, అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. అంటే మనం పర్యాటక స్థలమనుకుంటున్న చోటు దాదాపు యాభై వేల మంది తెలుగువాళ్లకు సొంత ఊరు.

2003లో ఎయిర్ డెక్కన్ మొదలై చవక టికెట్ అనేది ఒకటి ఉంటుందని దేశానికి చూపించింది. దానితోపాటే వచ్చింది సీటుకో ధర పద్ధతి: ముందు కొన్నవాడికి తక్కువ, సీట్లు నిండేకొద్దీ ఎక్కువ. ఆ పద్ధతి అండమాన్ దారికి పాకాక ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరు కట్టిన డబ్బుల్లో రెట్టింపు తేడా కనిపించడం మామూలైపోయింది.

కరోనా తర్వాత ఈ దారి చార్జీని కొలవడానికి ఒక మంచి కొలమానం దొరికింది. 2020 మే 25న దేశీయ విమానాలు తిరిగి మొదలైనప్పుడు కేంద్రం ప్రయాణ సమయాన్ని బట్టి కనిష్ఠ, గరిష్ఠ చార్జీలు పెట్టింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ ప్రయాణం పడే 120 నుంచి 150 నిమిషాల తరగతికి అడుగు 4,500, పైన 13,000 రూపాయలు, పన్నులూ విమానాశ్రయ రుసుములూ అదనం. 2021లో ఈ హద్దులను పలుమార్లు పెంచి, 2022 ఆగస్టు 31న పూర్తిగా ఎత్తేశారు. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు 1.41 లక్షలకు చేరింది. విమాన సంస్థల ఖర్చులో ఇంధనం వాటా చాలా పెద్దది, ఆ బరువు నేరుగా టికెట్ మీద పడింది.

ఆ తర్వాత పోటీ పలచబడింది. పోర్ట్ బ్లెయిర్‌కు నడిచే గో ఫస్ట్ 2023 మే మొదటి వారంలో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019లోనే మూతపడింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఒక్కో పేరు రాలేకొద్దీ మిగిలిన వాళ్లకు ధర తగ్గించాల్సిన అవసరం తగ్గింది. 2025 డిసెంబరు మొదట్లో ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయి చార్జీలు ఆకాశానికి ఎక్కినప్పుడు కేంద్రం మళ్లీ తాత్కాలికంగా హద్దు పెట్టాల్సి వచ్చింది. ఈసారి లెక్క దూరాన్ని బట్టి: 1,000 నుంచి 1,500 కిలోమీటర్లకు 15,000, అంతకు మించితే 18,000. చెన్నై దారి మొదటి దాంట్లోకి, హైదరాబాద్ దారి రెండో దాంట్లోకి వచ్చాయి. 2020లో 13,000, 2025లో 15,000. ప్రభుత్వం కూడా ఈ దూరానికి ఇంతవరకు పోవచ్చులే అనుకున్న ధరలు ఇవి. మామూలు రోజుల్లో పండగ ముందు వారం టికెట్ కొంటే ఏం చూడాల్సి వస్తుందో వీటిని బట్టి ఊహించుకోవచ్చు.

2023 జులైలో సుమారు 710 కోట్లతో కట్టిన కొత్త టెర్మినల్ తెరిచారు, ఏడాదికి 50 లక్షల మందిని మోయగలదు. ఇక టికెట్లు తగ్గుతాయని చాలామంది సంబరపడ్డారు. టెర్మినల్ పెద్దదైతే కూర్చునే చోటు పెరుగుతుంది, రన్‌వే మాత్రం పాతదే. అది నౌకాదళంతో కలిసి వాడుకునేది. ఒక కొసన కొండ అడ్డం కాబట్టి దిగడం ఒక వైపు నుంచే, ఎగరడం మళ్లీ అటే. చాలా ఏళ్లు విమానాలన్నీ పొద్దుటి నుంచి మధ్యాహ్నంలోపు వచ్చి పోయేవి. పైగా వాతావరణం బాగోక దిగలేకపోతే పక్కన ఇంకో పెద్ద విమానాశ్రయం లేదు. వెయ్యి కిలోమీటర్లు పైన వెనక్కి తిరిగి ప్రధాన భూభాగానికే రావాలి. దానికి సరిపడా ఇంధనం ప్రతిసారీ మోయాలి. దీవుల్లో విమాన ఇంధనంపై వ్యాట్‌ను 1 శాతానికి తగ్గించారు, అది కొంత ఊరట. ఈ దారి సహజంగానే ఖరీదైన దారి అన్న విషయం మాత్రం దానితో మారదు.

ఒక్క చూపులో

| ఎక్కే చోటు | గాలిలో దూరం | ప్రయాణ సమయం | చార్జీ తీరు | దాగి ఉన్న ఖర్చు |
|---|---|---|---|---|
| హైదరాబాద్ నేరు విమానం | సుమారు 1,650 కి.మీ. | రెండున్నర గంటలు | అడుగు ధరే కాస్త ఎక్కువ, సెలవుల్లో బాగా ఎక్కువ | దాదాపు లేదు |
| చెన్నై విమానం | సుమారు 1,370 కి.మీ. | రెండు గంటల పైచిలుకు | సర్వీసులు ఎక్కువ, తక్కువ ధర దొరికే అవకాశం ఎక్కువ | రైలు, ఒక రాత్రి బస |
| కోల్‌కతా విమానం | సుమారు 1,300 కి.మీ. | రెండు గంటల పైచిలుకు | చెన్నైకి దగ్గరగా, పూజల రోజుల్లో భారీ | రైలు, బస |
| విశాఖ విమానం | సుమారు 1,230 కి.మీ. | నేరుగా ఉంటే సుమారు రెండు గంటలు, లేదంటే మారాలి | సర్వీసును బట్టి | విమానం మారే చోట ఎదురుచూపు |
| ఓడ (విశాఖ, చెన్నై, కోల్‌కతా) | – | రెండున్నర రోజుల చుట్టుపక్కల | స్థిరం | తిండి, సెలవు రోజులు, తేదీ మారడం |

హైదరాబాద్ నుంచి నేరుగా

తెలంగాణ వాళ్లకు, కర్నూలు నుంచి శంషాబాద్‌కు బస్సులో వచ్చేవాళ్లకు ఇదే సుఖం. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నానికి సెల్యులార్ జైలు ముందు ఉంటారు. సీటు ధర చెన్నై కన్నా ఎక్కువే చూపిస్తుంది, దూరం కూడా దాదాపు మూడు వందల కిలోమీటర్లు ఎక్కువ కదా. కానీ తేడా మనిషికి రెండు మూడు వేలలోపు ఉంటే చెన్నై ఆలోచన మానేయండి. రైలు, బస, తిండి కలిపితే ఆ తేడా అక్కడే ఖర్చవుతుంది.

ఒక్క హెచ్చరిక. 'వన్ స్టాప్' అని చూపించే చవక టికెట్లు కొన్ని బెంగళూరు మీదుగానో కోల్‌కతా మీదుగానో తిప్పి, మధ్యలో రాత్రంతా కూర్చోబెడతాయి. చిన్న పిల్లలున్న వాళ్లు ధర ఒక్కటే చూసి కొంటే విమానాశ్రయం కుర్చీల్లో తెల్లవార్లూ జాగారమే.

చెన్నై మీదుగా

డబ్బు మిగిలే దారి ఏదైనా ఉందంటే ఇదే. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, ఒంగోలు వాళ్లకైతే ఆలోచించాల్సిన పనే లేదు, వాళ్లకు చెన్నై పక్క ఊరే. చెన్నై నుంచి సర్వీసులు ఎక్కువ, సంస్థలు ఎక్కువ. కాబట్టి రద్దీ లేని నెలల్లో ముందుగా కొంటే ఒకవైపు ఐదు వేల చుట్టుపక్కల టికెట్ కంటపడుతుంది. అదే డిసెంబరు చివరి వారంలో రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ.

హైదరాబాద్ వాళ్లకు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అది ఇప్పుడు తాంబరం దాకా పోతుంది. తాంబరంలో దిగి లోకల్ రైలెక్కితే విమానాశ్రయానికి ఎదురుగా ఉండే తిరుసూలం స్టేషన్లో దిగొచ్చు, ఆటోవాడితో బేరం తప్పుతుంది. కాకినాడ, రాజమండ్రి, తెనాలి వైపు వాళ్లకు సర్కార్ ఎక్స్‌ప్రెస్ కూడా తాంబరం మీదుగానే పోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా సమయంతోనే. చవకగా దొరికే విమానాలు ఎక్కువగా తెల్లవారుజామువి. రాత్రి రైలు పొద్దున్నే చేరుతుంది, అప్పటికి విమానం గాల్లో ఉంటుంది. పోనీ పది, పదకొండింటి విమానం కొని అదే రోజు రైలు దిగుదామంటే, రైలు రెండు గంటలు ఆలస్యమైతే టికెట్ నీళ్లపాలు. రైలు ఆలస్యానికి విమాన సంస్థకు ఏ బాధ్యతా లేదు, డబ్బు అడిగే దారి కూడా లేదు. కాబట్టి చెన్నై లెక్క వేసేటప్పుడు ఒక రాత్రి బస తప్పనిసరిగా కలపండి. అది కలిపాక కూడా మిగిలితేనే అది నిజంగా చవక.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఈ చిక్కు తక్కువ. మధ్యాహ్నానికి చెన్నైలో దిగితే సాయంత్రం రైళ్లు బోలెడు. అందుకే వెళ్లేటప్పుడు హైదరాబాద్ నుంచి నేరుగా, వచ్చేటప్పుడు చెన్నై మీదుగా అని విడివిడిగా కొనే పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. దేశీయ విమానాల్లో రానుపోను కలిపి కొంటే పెద్దగా తగ్గింపు ఉండదు, విడిగా కొనడం వల్ల నష్టపోయేది లేదు.

కోల్‌కతా మీదుగా

ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం వాళ్లు తప్ప మిగతా తెలుగువాళ్లకు దీని గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్న ఈ ఊళ్లవాళ్లకు చెన్నై కన్నా కోల్‌కతా దగ్గర. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: అండమాన్‌లో బెంగాలీలు అందరికన్నా ఎక్కువ, దుర్గా పూజ రోజుల్లో రెండు వైపులా టికెట్లు మండిపోతాయి. మన దసరా సెలవులూ అప్పుడే.

విశాఖ నుంచి

పటంలో చూస్తే ఈ నాలుగు ఊళ్లలో పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గరగా ఉన్నది మన విశాఖే. అయినా ఇక్కడి నుంచి నేరు విమానం ఏళ్ల తరబడి ఒకేలా నిలిచిన దాఖలా లేదు. ఎయిర్ ఇండియా ఒకప్పుడు ఢిల్లీ నుంచి విశాఖ మీదుగా నడిపింది, తర్వాత అది ఆగింది. కాబట్టి మీరు వెళ్లే నెల షెడ్యూలులో నేరు సర్వీసు ఉందా అని చూసుకోండి. ఉంటే ఉత్తరాంధ్ర వాళ్లు రెండో ఆలోచన లేకుండా కొనేయొచ్చు. లేకపోతే హైదరాబాదో చెన్నైయో వెళ్లి మారే టికెట్, మొత్తం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండేలా కొనండి. ఒకే పీఎన్‌ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని చేర్చే బాధ్యత ఆ సంస్థది. రెండు వేర్వేరు టికెట్లయితే ఆ బాధ్యత మీదే.

ఓడ

విమానం చార్జీ ఎంత ఊగినా ఓడ చార్జీ ఊగదు. అదొక్కటే దాని బలం, అదే పెద్ద బలం కూడా. బంక్ (అందరూ కలిసి పడుకునే హాలు) టికెట్ విమానం అడుగు ధరలో సగం చుట్టుపక్కల ఉంటుంది, దీవివాసులకు ఇంకా తక్కువ. డీలక్స్ క్యాబిన్‌కు వచ్చేసరికి విమానం టికెట్‌తో పోటీ పడుతుంది. అంత పెట్టి రెండున్నర రోజులు సముద్రం మీద ఉండటం సముద్రమంటే ఇష్టం ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

చెన్నై, కోల్‌కతాల నుంచి నెలకు మూడు నాలుగు ఓడలు, విశాఖ నుంచి మహా అయితే నెలకు ఒకటి. ఎంవీ నాన్‌కౌరీ, ఎంవీ నికోబార్, ఎంవీ స్వరాజ్ ద్వీప్ లాంటి పేర్లు వింటారు. తేదీలు అండమాన్ నౌకాయాన విభాగం ప్రకటిస్తుంది, ఓడ మరమ్మతుకు వెళ్లినా తుపాను వచ్చినా అవి మారిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం సంగతి మనకు చెప్పక్కర్లేదు. తిరుగు ఓడ మీకు కావలసిన రోజున ఉండకపోవచ్చు, ఉండదనే అనుకోవాలి. అందుకే ఓడ ఇష్టపడే వాళ్లకు నా సలహా: వెళ్లడం ఓడ మీద, రావడం విమానంలో. వెళ్లేటప్పుడు ఒక రోజు జరిగినా నష్టం లేదు, వచ్చేటప్పుడు ఆఫీసు ఊరుకోదు.

బంక్‌లో వంద మందితో కలిసి పడుకోవాలి, భోజనానికి వేరే డబ్బు కట్టాలి, సముద్రం పడని వాళ్లు మొదటి రోజంతా తల ఎత్తలేరు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో అయితే ఇది పొదుపు కిందకు రాదు.

ఎవరికి ఏది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) కింద ఒక ప్రత్యేక సడలింపు ఉంది. సొంతూరు ఎల్‌టీసీని మార్చుకుని అండమాన్ వెళ్లొచ్చు. విమాన అర్హత లేని ఉద్యోగులు కూడా కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నాల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సాధారణ తరగతిలో ఎగరవచ్చు. అక్కడిదాకా తమ అర్హత ప్రకారం రైల్లో రావాలి. ఈ సడలింపును 2026 సెప్టెంబరు 25 దాకా పొడిగించారు. టికెట్ మాత్రం బాల్మర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడింటిలో ఒకదాని దగ్గరే, అప్పుడు దొరికే తక్కువ చార్జీకి కొనాలి; ప్రయాణానికి కనీసం 21 రోజుల ముందే కొనమని ప్రభుత్వం సూచిస్తుంది. హైదరాబాద్‌లో పనిచేసే విమాన అర్హత లేని ఉద్యోగి నేరు విమానం ఎక్కేసి పూర్తి బిల్లు పెడితే ఆఫీసు కొర్రీ వేస్తుంది. వీళ్లకు చెన్నై దారే సరి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనలు వేరు, వాటిని దీనితో కలపకండి.

కొత్తగా పెళ్లైన జంటలకు తేదీ కదలదు, సెలవు తక్కువ. మాఘమాసం ముహూర్తాల తర్వాత వెళ్లేవాళ్లు సరిగ్గా రద్దీ కాలంలోనే పడతారు. ముహూర్తం ఖాయమైన వారంలోనే నేరు విమానం టికెట్ కొనేయండి. హోటల్ తర్వాత చూసుకోవచ్చు, పర్యాటకులు బస చేసే హావ్‌లాక్ దీవిలో గదులు ఎక్కువ, విమానంలో సీట్లు తక్కువ.

బడి పిల్లలున్న కుటుంబాలకు సంక్రాంతి, దసరా, వేసవి తప్ప వేరే దారి లేదు. ఈ మూడింటిలో ఏప్రిల్ చివరి వారం నయం. ఎండ ఉంటుంది, ఉక్క ఉంటుంది, సముద్రం మాత్రం ఇంకా ప్రశాంతంగానే ఉంటుంది. సెలవులు మొదలైన రోజున కాకుండా నాలుగు రోజులు ఆగి మంగళ, బుధవారాల్లో బయలుదేరితే నలుగురి టికెట్‌లో కనిపించేంత తేడా వస్తుంది.

దీవిలో స్థిరపడి ఊరికి వచ్చిపోయే తెలుగు కుటుంబాల కష్టం వేరు. పర్యాటకుడు ధర చూసి మానుకోగలడు. తండ్రి ఆరోగ్యం బాగోలేదని ఫోన్ వచ్చినవాడు మానుకోలేడు, ఆ రాత్రి ఎంత చూపిస్తే అంత కట్టాలి. ధర ఊగడం వల్ల నిజంగా నలిగేది వీళ్లే. ముందే తెలిసిన ప్రయాణాలైన జాతర, పెళ్లి, కాన్పు లాంటివాటికి దీవివాసి గుర్తింపు కార్డు మీద ఓడ టికెట్ తీసుకుని, మిగిలిన డబ్బు అత్యవసర విమానానికి దాచుకునే పద్ధతి చాలా ఇళ్లకు పనికొస్తుంది. సామాను ఎక్కువుంటే కూడా ఓడే మేలు.

సెలవు లెక్క లేని కుర్రాళ్లకు వానాకాలం చవక. జూన్ నుంచి సెప్టెంబరు దాకా టికెట్లు దిగుతాయి. గాలివాన రోజున హావ్‌లాక్ పడవలు ఆగిపోతాయి, అందుకు ఒకట్రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి.

కొనేటప్పుడు

రెండు నెలల ముందు కొనడం ఈ దారిలో సాధారణంగా మంచిది. చివరి వారంలో ధర పడుతుందని ఎదురుచూసే జూదం హైదరాబాద్–విజయవాడ బస్సుల్లో చెల్లుతుందేమో, దీవి దారిలో చెల్లదు. విమానం సంస్థ రద్దు చేస్తే మొత్తం డబ్బు వాపసు గానీ మరో విమానంలో సీటు గానీ అడిగే హక్కు మీకుంది. వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం రాదు, రాత్రి బస కూడా ఇస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు.

హావ్‌లాక్ నుంచి పొద్దున్నే పడవ దిగి అదే రోజు మధ్యాహ్నం విమానం ఎక్కేలా ప్లాన్ వేసుకోవద్దు. పడవ ఆగిపోతే చివరి నిమిషంలో కొనే కొత్త టికెట్ ముందు అప్పటిదాకా మిగిల్చిందంతా గాలికి పోతుంది. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్ ఊళ్లోనే పడుకోండి.